దాసయ్య మామ దిగిన స్టాపులు

మా దాసయ్య మామ కింద పడితే ఊరి పేరు చెప్తాడు.

పడినప్పుడు అందరూ "అమ్మా" అంటారు, "అబ్బా" అంటారు, భక్తి ఉన్నవాళ్ళు దేవుణ్ణి పిలుస్తారు. దాసయ్య మామ అట్లా కాదు. సైకిలు మీద నుంచి జారి మోకాలు నేలకు తగిలితే గొంతెత్తి "జమ్మలమడుగూ!" అంటాడు. మోచెయ్యి కూడా గీసుకుపోతే "ముద్దనూరూ!" నడుము పట్టేస్తే "తొండూరూ!" ఇక వెల్లకిలా పడి, సైకిలు వచ్చి పొట్ట మీద కూర్చుంటే, ఆకాశం వైపు చూస్తూ తీరిగ్గా "పులివెందులా... లాస్టు స్టాపు... అందరూ దిగాల!" అంటాడు.

ఇది నేను విన్న మాట కాదు. నా పేరు షఫీ. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్క సందులో మా నాయన కాలం నుంచి సైకిలు షాపు ఉంది. మామ దిగిన ప్రతి స్టాపు తర్వాతా ఆ సైకిలును సరిచేసింది నేనే.

ఊళ్ళ పేర్లు ఎందుకంటే, మామ ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ డ్రైవరు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు పోయే బస్సు ఆయనదే. స్టాపులు చెప్పాల్సింది కండక్టరు. కానీ కండక్టర్ల గొంతు మీద మామకు నమ్మకం లేదు. "వాడు చెప్తే ముందు సీటోళ్ళే లేవరు. నేను చెప్తే నిద్రపోయేటోడు గూడా చెప్పులు ఏసుకుంటాడు" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదు. కోడిని తొక్కింది లేదు, కుక్కను గుద్దింది లేదు. కలెక్టరు చేతుల మీదుగా మెడల్ తీసుకున్నాడు. అట్లాంటి మనిషి రిటైరయిన మూడు నెలలకే రోజుకు పదిసార్లు పడడం మొదలుపెట్టాడు.

రిటైరయిన కొత్తలో రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడే ఆయన భార్య సంతోషమ్మత్త ఒకరోజు నా షాపుకు వచ్చి స్టూలు మీద కూలబడింది.

"షఫీ, మీ మామను బయటికి తోలే దోవ చూడు నాయనా. వంటింట్లోకి వచ్చేముందు 'పాం పాం' అంటాండాడు."

"ఎందుకత్తా?"

"మలుపంట. ఎదురుగా ఎవురన్నా వస్తారంట. నిన్న చారు గిన్నె పట్టుకోని వస్తాంటే 'లోడుతో ఉండావు, నువ్వే ముందు పో' అని గోడకు ఆనుకోని దోవ ఇచ్చినాడు. ప్రార్థన చేసుకునేటప్పుడు గూడా కుడికాలు నేలను అదుముతాంది. అది బ్రేకంట!"

నాకు నవ్వొచ్చింది కానీ అత్త ముఖం చూసి మింగేశాను.

తర్వాతి వారంలోనే మామ వచ్చాడు. వాళ్ళ మనవడు ఎప్పుడో వాడి వదిలేసిన చిన్న చక్రాల సైకిలును భుజాన మోసుకోని వచ్చాడు. దాన్ని నా ముందు పెట్టి, "షఫీ, దీనికి సీటు పీకెయ్" అన్నాడు.

"కొత్తది ఏయమంటావా మామా?"

"వద్దు. పీకెయ్ అంతే."

"మరి యాడ కూర్చుంటావు?"

"ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నా. చాలు."

నేను పానా పక్కన పెట్టాను. మామ ఫోను తీసి నాకు ఒక వీడియో చూపించాడు. ఎవడో ఒకడు సీటు లేని సైకిలు మీద నిలబడి, మేక కొండెక్కినట్టు రాళ్ళ మీద నుంచి రాళ్ళ మీదికి ఎగురుతున్నాడు.

"దీన్ని ట్రయల్సు అంటారంట. రాళ్ళు, మొద్దులు, మెట్లు, ఏమన్నా పెట్టనీ, వాటిమీద సైకిలుతోనే ఎక్కి దిగాల. కాలు కింద ఆనకూడదు. ఆనితే ఒక తప్పు. ఎవురికి తప్పులు తక్కువయితే వాళ్ళు గెలిచినట్టు."

"ఎంత దూరం పోవాల మామా?"

"దూరమేం లేదు. ఇరవై అడుగులు."

"యాడికీ పోనిదానికి సైకిలు ఏమిటికి?"

మామ నా వైపు జాలిగా చూశాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు పొయినాను గదరా. ఎంత దూరం పొయినా మళ్ళా ప్రొద్దుటూరికే వచ్చినా. ఇంగ ఉన్నకాడనే ఉండి చూస్తా."

పానా మళ్ళీ చేతికి తీసుకున్నాను. సీటు పీకేశాను. ముందర పళ్ళ చక్రం చిన్నది వేశాను. టైర్లు లావుపాటివి, బ్రేకులు కొత్తవి బిగించాను. సంతోషమ్మత్త పెట్టిన షరతు ప్రకారం మామ మోటారుసైకిలు హెల్మెట్టు పెట్టుకున్నాడు. మోకాళ్ళకు పాత బొంత ముక్కలు కట్టుకున్నాడు. పెడలు తగిలి పిక్కలు పగలకుండా ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి ముందర కట్టుకున్నాడు. చూసినవాళ్ళకు యుద్ధానికి పోతున్నట్టుంటుంది. పోయేది మా షాపు ముందు ఉన్న ఆరడుగుల జాగాకు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ పేరు దిల్షాద్‌బీ. గాజుల దిల్షాద్‌బీ అంటే దువ్వూరు నుంచి సింహాద్రిపురం దాకా తెలియని ఆడమనిషి లేదు. గాజుల గంప నెత్తిన పెట్టుకోని పల్లె పల్లె తిరిగింది. శ్రావణ శనివారాల్లో గండి తిరునాళ్ళలో ఆమె గంప చుట్టూ ఉన్నంత గుంపు మిఠాయి అంగడి దగ్గర కూడా ఉండేది కాదు. "మీ అమ్మ కాళ్ళకే చక్రాలుండాయిరా. నేను ఈడ కూర్చోని ఊరోళ్ళ చక్రాలకు గాలి కొడతాండా" అనేవాడు మా నాయన.

ఆ మనిషి ఆ ఏడాది ఫిబ్రవరిలో బాత్రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది. ఎముక అతుక్కుంది, ఇక నడవాలి అన్నాడు డాక్టరు. ఆమె నడవలేదు. నాలుగు కాళ్ళ వాకరు తెచ్చి మంచం పక్కన పెడితే దాని మీద తువ్వాలు ఆరేసింది. నేను బతిమిలాడాను, తిట్టాను, ఒకరోజు ఏడ్చాను కూడా. అన్నిటికీ ఆమెది ఒకటే మాట: "మళ్ళా పడితే?"

మా ఇల్లు షాపు వెనకే. ఆమె మంచం కిటికీ పక్కన. కిటికీ సందులోకి. నాలుగు నెలలు ఆ కిటికీ ఉన్న గోడ వైపు తిరిగి పడుకోని, కళ్ళు మూసుకోని ఉండేది. తిండి తగ్గింది, మాట తగ్గింది. సందంతా వినిపించే గొంతు, పక్కన కూర్చున్నా వినపడనంత సన్నబడిపోయింది.

జూన్‌లో ఒక ఉదయం మామ మొదటి పాఠం మొదలుపెట్టాడు. సైకిలు కదలకుండా, రెండు పెడళ్ళ మీదా నిలబడి, రెండు బ్రేకులూ పట్టుకోని, ఉన్నచోటే ఉండడం. వినడానికి అదేం పని అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. మామ ఎక్కాడు. హ్యాండిలు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మోకాళ్ళు గజగజ వణికాయి. మా కిటికీ కిందనే, నేను పంచరు చూసుకునే నీళ్ళ తొట్టిలోకి పక్కవాటంగా పడ్డాడు. పడుతూ, ఏళ్ళ అలవాటు కొద్దీ నోటి నుంచి "జమ్మలమడుగూ!" అని వచ్చేసింది.

కిటికీలో నుంచి ఒక శబ్దం వచ్చింది. ముందు నాకు అర్థం కాలేదు. మా అమ్మ నవ్వుతోంది. నాలుగు నెలల తర్వాత!

మామ తొట్టిలో నుంచి తల పైకెత్తి కిటికీ వైపు చూశాడు. హెల్మెట్టులో నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏమక్కా, దిగేదుందా?" అని అడిగాడు.

"నేను దిగను. నువ్వే దిగు" అంది మా అమ్మ.

ఆ రోజు నుంచి మామ పొద్దున తొమ్మిదికి వచ్చేవాడు. జమ్మలమడుగు రోడ్డులో బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక పారేసిన నాపరాళ్ళు రిక్షాలో వేయించుకోని తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, జానెడెత్తు గుట్ట చేశాడు. ముందు చక్రం లేపి దాని మీద పెట్టాలి, బరువు ముందుకు విసరాలి, వెనక చక్రం దానంతట అదే ఎక్కాలి. ముందు చక్రం ఎక్కేది. బరువు ముందుకు పోయేది. ఆ బరువుతోపాటు మామ కూడా పోయేవాడు.

"ముద్దనూరూ!"

పదిన్నరకల్లా సందులో ఇరవైమంది చేరేవాళ్ళు. నాకు బేరాలు చెడ్డాయి. పంచరు వేయించుకోవడానికి వచ్చినవాడు పంచరు మర్చిపోయి పందెం వేసేవాడు, ఈ రోజు మామ ఎంతదాకా పోతాడని. అన్నిటికంటే విచిత్రం మా అమ్మ. ఆమె తీర్పు చెప్పడం మొదలుపెట్టింది.

"పులివెందులా!" అని మామ అరిస్తే, కిటికీలో నుంచి "యాడి పులివెందుల? మోచెయ్యే గదా తగిలింది. ముద్దనూరు దాటలే నువ్వు!" అనేది.

"నడుము గూడా పట్టిందక్కా."

"అయితే తొండూరు రాసుకో. ఎక్కువ టికెట్టు అడగాకు."

పడుకోని చూస్తే చక్రం ఎక్కిందీ లేనిదీ తెలియడం లేదని లేచి కూర్చుంది. ఒక వారానికి మామ రాళ్ళను నాలుగడుగులు పక్కకు జరిపాడు. ఎందుకంటే కాలవ కంపు అన్నాడు. ఇంకో వారానికి మళ్ళీ జరిపాడు. ఎండ కళ్ళలో కొడుతోంది అన్నాడు. కూర్చుంటే కనపడక మా అమ్మ కిటికీ ఊచలు పట్టుకోని నిలబడింది. తర్వాత కరెంటు స్తంభం అడ్డమన్నాడు. అప్పటికి రాళ్ళు మా వాకిలి ముందుకు పోయాయి. ఒకరోజు నేను చూస్తుండగానే మా అమ్మ వాకరు మీద తువ్వాలు తీసి అవతల పారేసి, దాన్ని పట్టుకోని గొణుక్కుంటూ వాకిలి దాకా వచ్చింది. "తీర్పు చెప్పేవాళ్ళు లేకపోతే ఈ దాసయ్య ఊరికే పులివెందుల పొయినానంటాడు" అంది.

నేను మందు పని చేస్తోందనుకున్నాను. డాక్టరుకు ఒక బుట్ట దానిమ్మకాయలు కూడా ఇచ్చి వచ్చాను.

అయితే మామ మీద మాత్రం నాకు విసుగు పెరిగింది. అక్టోబరు వచ్చింది. నాలుగు నెలలయినా మనిషి జానెడు గుట్ట దాటలేదు. రిమ్ములు వంకరపోతున్నాయి, పుల్లలు తెగుతున్నాయి, నా పని ఆగిపోతోంది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"మామా, ఇది నీకు వచ్చే విద్య కాదు. పోనీ, ఊరి బయట ఖాళీ జాగాలో నేర్చుకోగూడదా?"

"ఆడ చూసేవాళ్ళు ఎవురుంటారు?" అన్నాడు.

ఈ వయసులో నలుగురూ చూడాలన్న పిచ్చి ఏంది అనుకున్నాను.

ఆ తర్వాత వారం, పాలిష్ ఫ్యాక్టరీ వాచ్‌మను సైకిలు బాగుచేసి ఇవ్వడానికి పొద్దున ఆరున్నరకు జమ్మలమడుగు రోడ్డు మీద పోయాను. వాచ్‌మను వెనక్కు పోయాడంటే నేనూ వెనక్కు పోయాను. అక్కడ పగిలిన బండలు కొండలాగా పడి ఉన్నాయి. ఆ కొండ మీద ఒక మనిషి సైకిలు మీద నిలబడి ఉన్నాడు. హెల్మెట్టు చూసి గుర్తుపట్టాను. దాసయ్య మామ!

అరవడానికి నోరు తెరిచాను, పడతాడేమోనని. పడలేదు. నడుమెత్తు బండ మీద వెనక చక్రం ఒక్కటే ఆనించి ఒక్క క్షణం ఆగాడు. ఎగిరాడు. అవతలి బండ మీద పిట్ట వాలినట్టు వాలాడు. అక్కడి నుంచి ఇంకో దాని మీదికి, అక్కడి నుంచి వాలుగా ఉన్న పలక మీద జారి కిందికి, మళ్ళీ పైకి. కాలు ఒక్కసారి కూడా ఆనలేదు. ఒక్క ఊరి పేరు కూడా పలకలేదు. వాచ్‌మను పక్కకు వచ్చి పళ్ళు తోముకుంటూ, "రోజూ ఇంతే. రెండు నెల్లయింది పడి" అన్నాడు.

అదే రోజు తొమ్మిదికి మామ మా సందులోకి వచ్చాడు. జానెడు గుట్ట మీదికి ముందు చక్రం లేపాడు, ఊగాడు, "ముద్దనూరూ!" అని పడ్డాడు. అప్పటికి రాళ్ళు సందు మలుపు దాకా జరిగాయి; మా అమ్మ అక్కడి దాకా వాకరుతో వచ్చి, "జమ్మలమడుగే!" అని తీర్పు చెప్పింది. సందంతా నవ్వింది. నేను నవ్వలేదు. మామను షాపులోకి లాక్కుపోయి తలుపు వేశాను.

"పొద్దున నేను ఫ్యాక్టరీ వెనక ఉన్నా మామా."

మామ హెల్మెట్టు తీశాడు. దొంగతనం దొరికిన పిల్లోడి మాదిరి ముఖం పెట్టాడు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"ముందు నాకు చెప్పు. వచ్చినోడివి ఏమిటికి పడతాండావు?"

ఆయన బొంత ముక్కలు విప్పుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ మొదటి రోజు తొట్టిలో నిజంగానే పడినా రా. మీ అమ్మ నవ్వింది. రెండో రోజు గూడా నిజమే. ఆమె లేచి కూర్చుంది. నెల తిరిగేసరికి నాకు గుట్ట ఎక్కేది వచ్చేసింది. అప్పుడు ఆలోచన చేసినా. నేను ఎక్కేస్తే ఆమె ఏం చూడాల? ఎక్కినోణ్ణి చూస్తే 'ఆయనకు వచ్చు, నాకు రాదు' అనుకుంటాది. పడి, దులుపుకోని, మళ్ళా లేచినోణ్ణి చూస్తేనే గదా, పడితే ఏమయితాదిలే అనుకునేది."

"మరి రాళ్ళు జరిపేది?"

"నీకు కాలవ కంపు ఎప్పుడన్నా వచ్చిందా?"

రాలేదు. ఆ కాలవ పక్కనే నేను పుట్టి పెరిగాను, నాకు ఎప్పుడూ రాలేదు.

"ఇరవై ఏళ్ళు నా బస్సులో గాజుల గంపతో తిరిగింది రా మీ అమ్మ" అన్నాడు మామ. "నా బ్రేకుకు ఒక్క గాజు పగల్లే. దిగేటప్పుడు రోజూ గంప చూసి, 'అన్నీ ఉండాయి దాసయ్యా' అని చెప్పి దిగేది. నాకు కలెక్టరు మెడల్ ఒకసారి ఇస్తే, ఆమె రోజూ ఇచ్చింది. ఆ మనిషి అడుగు తీసి అడుగు ఏసేదానికి భయపడతాంటే నాకెట్లుంటాది? ఈ మాట నువ్వు బయట పెట్టకూడదు. బైబిలు మీద ఒట్టెయ్."

"నేను ముసల్మాన్ను మామా."

"అయితే నీ పానా మీద ఎయ్."

పానా మీద ఒట్టు వేశాను. దానికంటే నేను ఎక్కువ తాకేది ఏదీ లేదు మరి.

నవంబరులో అసలు చిక్కు వచ్చింది. జమ్మలమడుగు కుర్రాడు హర్ష, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడ ట్రయల్సు నేర్చుకున్నవాడు, సొంత ఊళ్ళో కాలేజీ మైదానంలో పోటీ పెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు వేరే విభాగం. సంతోషమ్మత్త మామకు చెప్పకుండా ఆయన పేరు ఇచ్చేసింది. "ఇంతకాలం నాకు బొంతలు కుట్టే పని పెట్టినాడు. యాడన్నా ఒకచోట గెలిచి రానీ" అంది.

మామ సంబరంగానే ఒప్పుకున్నాడు. ఈ మాట సందులో పాకి మా అమ్మ చెవిన పడిందాకా.

"నేనూ వస్తా. నా తీర్పు లేకుండా పోటీ ఏంది?" అంది.

అప్పటికి ఆమె వాకరు వదిలేసి గోడ పట్టుకోని మలుపు దాకా వస్తోంది. కానీ ఊరు దాటి పోవడం, అంతమంది మధ్య నడవడం వేరు. వద్దన్నా ఆటో ఎక్కింది. కాలేజీ గేటు దగ్గర దిగి, నా చెయ్యి పట్టుకోని, మైదానం దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టిందంటే గాజులు నా చర్మంలో గుచ్చుకున్నాయి. కానీ వెనక్కు తిరగలేదు.

ఆమెను చూడగానే మామ ముఖం పాలిపోయింది. నన్ను పక్కకు పిలిచాడు.

"షఫీ, ఇప్పుడు నేను సరిగ్గా తొక్కితే ఆమెకు తెలిసిపోతాది. ఇన్ని దినాలు నేను నాటకం ఆడినానని బాధపడతాది. మళ్ళా మంచమెక్కితే?"

"తొక్కకపోతే అత్త ఊరుకుంటాదా?"

"మీ అత్తను ముప్పై ఐదేళ్ళుగా చూస్తాండా. ఆమె తిట్లు నాకు అలవాటే" అని సైకిలెక్కాడు.

అయిదుగురు పోటీదారులు. మామ తప్ప మిగిలిన నలుగురి వయసులూ కలిపితే ఆయన వయసుకు ఇంకో పది ఎక్కువ. లారీ టైరు, నాపరాళ్ళ గుట్ట, అడ్డంగా పెట్టిన దుంగ, చెక్క మెట్లు, చివర్లో నడుమెత్తు బండ. మామ వంతు వచ్చింది. ఈల వేశారు. మామ మొదటి టైరు దగ్గరికి పోయాడు, ముందు చక్రం లేపాడు, ఊగాడు, "ముద్దనూరూ!" అని పక్కకు ఒరిగిపోయాడు.

జనం ఘొల్లున నవ్వారు. సంతోషమ్మత్త నెత్తి కొట్టుకుంది. నా చెయ్యి పట్టుకున్న పట్టు వదిలింది. చూస్తే మా అమ్మ లేదు.

పోటీ జాగా చుట్టూ కట్టిన తాడు పైకెత్తి, దాని కింద దూరి, మైదానంలోకి నడుస్తోంది. గోడ లేదు, నా చెయ్యి లేదు. కొంచెం కుంటుతూ, కోపంగా, గాజులు ఘల్లుమంటుంటే నేరుగా మామ దగ్గరికి పోయి నిలబడింది.

"ఏమప్పా దాసయ్యా! ఈడ గూడా పడతావా?"

మామ కింద నుంచే, "కాలు జారిందక్కా" అన్నాడు.

"ఎవురికి చెప్తాండావు? పడకముందే నోరు తెరిచి ఊరి పేరు అందుకుంటావు. నిజంగా పడేటోనికి ఊరి పేరు వెతుక్కునే తీరిక ఉంటాదా? మొదటి నెల నిజంగా పడినావు. ఆ పైన అంతా నాటకమే. నాకు ఆగస్టులోనే తెలుసు."

మామ సైకిలును పక్కకు తోసి లేచి కూర్చున్నాడు.

"మరి తెలిసి గూడా చెప్పలేదేమక్కా?"

"నువ్వు శానా సంతోషంగా పడతాంటివి. చూసేవాళ్ళు లేకపోతే పాపం ముసిలోడు దిగులుపడతాడని దినామూ లేచి వచ్చినా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "వచ్చి వచ్చి నడక వచ్చింది. చూస్తాండావు గదా, గేటు కాణ్ణుంచి నడిచే వచ్చినా. నా కోసం పడేది ఇంగ చాలు. లే. తొక్కు."

హర్ష పరుగెత్తుకుంటూ వచ్చాడు. బయటి మనిషి అడ్డమొస్తే మళ్ళీ మొదటి నుంచి తొక్కించాలని రూలు ఉందన్నాడు. "ఆమె వచ్చింది ఈయన పడిన తర్వాత గదా" అని ఎవరో గొణిగారు. మా అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన గొణగడం మానేశాడు.

మామ మళ్ళీ ఎక్కాడు. మా అమ్మ పక్కకు జరిగింది కానీ తాడు బయటికి రాలేదు. ఈసారి టైరు ఎప్పుడు దాటాడో కూడా చూడలేకపోయాం. రాళ్ళ గుట్ట మీద ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాడు. దుంగ మీద నుంచి జారుకుంటూ దిగాడు. మెట్ల మీద వెనక చక్రంతో ఒక్కో మెట్టూ గెంతుతుంటే జనం నవ్వడం మర్చిపోయారు. సంతోషమ్మత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతకాలం తాను బొంత ముక్కలు కట్టింది ఈ మనిషికా అన్నట్టు చూస్తోంది.

చివరి బండ మీద చక్రం జారింది. మామ పడ్డాడు. చప్పుడు పెద్దగానే వచ్చింది. నోటి నుంచి మాత్రం ఏ ఊరూ రాలేదు. "అమ్మా!" అన్నాడు.

"ఇది నిజం!" అంది మా అమ్మ హర్షతో, రాసుకో అన్నట్టు.

అయిదుగురిలో మూడో స్థానం వచ్చింది. ఒక చిన్న కప్పు ఇచ్చారు. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు మామకు చీలమండ వాచింది, అత్త దాని మీద మంచుముక్క అదిమింది. దారి పొడవునా మామా, మా అమ్మా పోట్లాడుకున్నారు.

"నీ కోసం నేను నాలుగు నెల్లు పడినా."

"నీ కోసం నేను నాలుగు నెల్లు లేచినా. ఏది కష్టం?"

వాపు తగ్గడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మా సందు బోసిపోయింది. పంచరు వేయించుకునేవాళ్ళు పంచరు మాత్రమే వేయించుకోని పోయారు. నేను ఎప్పుడూ కోరుకున్న ప్రశాంతత అది. రెండో రోజుకే నాకు పిచ్చెక్కింది. పదకొండో రోజు పొద్దున మా అమ్మ చెప్పులు వేసుకోని, "దాసయ్య ఇంటికి పోయొస్తా" అని బయలుదేరింది. మామ ఇల్లు మూడు వీధుల అవతల. ఒక్కతే పోయింది. నేను షాపు వదిలి, కనపడకుండా వెనకాలే పోయాను. ఆమె రెండుసార్లు వెనక్కు తిరిగి, "టైర్లు ఎవురన్నా ఎత్తుకపోతారు, పో" అంది.

నేను పోయేసరికి ఆమె మామ ముందు కూర్చోని చెప్తోంది. "పార్వతమ్మ తెలుసు గదా, ఆదినారాయణ హోటలు ఎనకాల ఉంటాదే. మోకాలి ఆపరేషను చేయించుకోని మూణ్ణెల్లయింది. మంచం దిగల్యా. ఎవురన్నా పోతే పలకల్యా. ఆమె కిటికీ గూడా సందులోకే ఉంది. నేను నిన్న సాయంత్రం చూసుకోని వచ్చినా."

మామ వెంటనే లేచి బొంత ముక్కలు వెతుక్కున్నాడు. సంతోషమ్మత్త లోపలి నుంచి, "చీలమండ ఇంగా నలుపు పోలేదు!" అని అరిచింది. అరుస్తూనే ఆ బొంత ముక్కలు తెచ్చి ఇచ్చింది.

మరుసటి రోజు రిక్షాలో నాపరాళ్ళు వేసుకోని మేము పోయాం. రిక్షా పక్కన మామ సైకిలు నడిపించుకుంటూ, ఆయన పక్కన మా అమ్మ. పార్వతమ్మ కిటికీ మూసి ఉంది. మామ రాళ్ళు దించాడు, పేర్చాడు. ఒక బండ చేతిలో నుంచి జారి దబ్బుమని పడింది.

కిటికీ రెక్కలు భళ్ళున తెరుచుకున్నాయి. నెరిసిన జుట్టు, మండే కళ్ళు. "ఎవుర్రా అది? పొద్దుపొద్దున్నే మనుషులుండే ఇంటి ముందర బండలేసేది? లేచి వచ్చినానంటే...!"

మా అమ్మ మామ వైపు తిరిగి, కొంగు దోపుకుంటూ, నెమ్మదిగా అంది.

"కోపమొచ్చిందిలే. ఇంగ నడుస్తాది."